ఎర్ర దారం మట్ట, పచ్చ దారం మట్ట

మొన్న, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం, ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద చెవి మీద పెన్ను పెట్టుకొని, చేతిలో నోటు పుస్తకంతో మా ఇంటికి వచ్చాడు. సమాధుల తోటలో పాత చెక్క శిలువలన్నీ తీసేసి నల్లరాయి పలకలు వేయిస్తున్నారట. చెక్కల్ని చెదలు తినేశాయి, పేర్లు కనిపించడం లేదు. మా లైనులో పాతకాలం మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.

“మామ్మా, ఆ సివర గోడ కాడ మూడు గోతులున్నాయి గదా. ఏది ఎవులిదో సెప్పు, రాసుకుంటాను,” అన్నాడు.

నేను చేటలో బియ్యం చెరుగుతున్నాను. చేయి ఆగిపోయింది. అరవై దాటిన మనిషిని, ముగ్గురు మనవల్ని ఎత్తినదాన్ని, ఎండలో కూర్చున్నా ఒళ్ళు చల్లబడింది.

“రేపు రా బాబూ,” అన్నాను.

అతను వెళ్ళిపోయాడు. ఆ బియ్యంలో ఆ రోజు ఒక్క రాయి కూడా నాకు కనిపించలేదు.

కోరాపుట్ కొండల మీద మాది మున్సిపాలిటీ లైను. శ్రీకాకుళం పల్లెల నుంచి మా తాతలు వీధులు ఊడవడానికి, కాలువలు తియ్యడానికి వచ్చి అక్కడే ఉండిపోయారు. బజారులో దేశియా, ఆఫీసులో ఒడియా, ఇంట్లో మా తెలుగు. గుడిసెలు రెండు వరసలు, మధ్యలో కుళాయి, చివర రేకుల ప్రార్థనాలయం. అది దాటి కొంచెం పైకి ఎక్కితే సమాధుల తోట. దానికి ఒకవైపే గోడ ఉండేది. మిగతా మూడు వైపులా మేకలదే రాజ్యం.

నాకు తొమ్మిదో ఏడు వచ్చిన వానాకాలం మా లైనులో విషజ్వరం వచ్చింది. అందులో మా అమ్మ పోయింది. నాన్న అప్పుడు లమ్తపుట్ వైపు ఘాట్ రోడ్డుకి తారు వేసే పనిలో ఉన్నాడు. కొండ విరిగి దారి మూసుకుపోయి, మూడో రోజుకి గానీ ఇంటికి రాలేకపోయాడు. అప్పటికే పాతిపెట్టేశారు. అదే వారం మా పక్కింటి మేస్త్రి కూడా పోయాడు. ఇద్దరినీ చివర గోడ దగ్గర పక్కపక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి, పెట్టారు. గోతులు తవ్విన ఇద్దరూ తర్వాత వేరే ఊరు పనికి పోయారు. సంఘం పాస్టరైన పాత అయ్యగారికి బదిలీ అయి కొత్త అయ్యగారు వచ్చారు. మిగిలిన వానలకి మట్టి దిబ్బలు అణిగిపోయాయి. ఏది ఎవరిదో చెప్పేవి రెండు చెక్క శిలువలే.

మేస్త్రి గురించి చెప్పాలి. తెల్లవారకముందే వెదురుకర్రతో తలుపులు బాదుతూ లైనంతా పనికి లేపేవాడు. ఎర్రటి కళ్ళు. నవ్వితే ఇంకా భయం వేసేది. పిల్లలెవరైనా కుళాయి దగ్గర కొట్టుకుంటే, “సంచీలో ఏసి కాలవలోకి ఇసిరీగల్ను!” అని అరిచేవాడు. నిజంగానే ఒక గోనెసంచీ ఆయన భుజాన ఎప్పుడూ ఉండేది. మా అమ్మ ఆయన గొంతు వింటే వంటింటి మూలకి వెళ్ళిపోయేది. బయటి మనిషి పిలిస్తే పలకడం అమ్మకి చేతకాదు. పేరు పెట్టి రెండుసార్లు పిలిచినా తలుపు వెనక నుంచుని నన్ను పంపేది.

మా లైనులో ఒక పద్ధతి ఉండేది. చిన్నపిల్లలకి పట్టింపు లేదు గానీ, మనిషి పోయిన ఇంటి ఆడవాళ్ళు ఆ తర్వాత వచ్చే ఈస్టరు దాకా సమాధుల తోటలో కాలు పెట్టరు. ఆ తెల్లవారుజామునే మొదటిసారి వెళ్ళాలి. అందుకని మా మామ్మ, మేస్త్రి భార్య ఆ ఏడంతా ఆ పండగ కోసమే కాచుకున్నారు. మేస్త్రి భార్యని అందరూ మేస్త్రమ్మ అనేవారు. పిల్లలు లేరు. పుట్టిల్లు మునిగుడ. అక్కడి నుంచి చింతపండు తెచ్చి లైనంతా పంచేది, పంచుతూ తిట్టేది.

ఈస్టరుకి ముందు నలభై శ్రమల దినాలు మొదలవగానే మామ్మ నీచు వండడం మానేసింది. తలలో పువ్వు లేదు. ఉల్లిపాయ వలిచినప్పుడల్లా తొక్కలు పారేయకుండా పాతకుండలో వేసేది. పండగనాడు గుడ్లు ఆ తొక్కలతో ఉడకబెడితే ఇటుక రంగు వస్తాయి. కొండల మీద ఇప్పపూలు రాలుతున్న రోజులవి. గాలి వీస్తే ఆ తియ్యని మత్తువాసన గుడిసెల్లోకి వచ్చేది. వచ్చిందంటే మామ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. “ఈ నలబై దినాలూ వాసన కూడా సూడకూడదే అమ్మీ,” అనేది. నేను ఆవిడ చూడకుండా గట్టిగా పీల్చుకునేదాన్ని.

శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధన అయ్యాక అందరికీ చోడి అంబలి, అంటే రాగి జావ, పోశారు. ఉప్పు లేదు. పైన వేపపువ్వు చల్లారు. ఆ చేదు మింగలేక నేను మూతి తిప్పితే పక్కన కూర్చున్న మేస్త్రమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది.

“ఆయన సిలవ మీద పుల్లటి సిరకా తాగేడు మనకోసం. నివ్వు ఏపపువ్వు తినలేవేటే, మారాణీ?”

ఆ రోజే కొత్త అయ్యగారు పిల్లలందరినీ ముందు కూర్చోబెట్టుకొని రెండు సంగతులు చెప్పారు. ఒకటి, యేసు ఎవరో తనకి తెలియదని పేతురు మూడుసార్లు అబద్ధం ఆడిన సంగతి, ఆ వెంటనే కోడి కూసిన సంగతి. రెండోది, లోకాంతాన మోగే కడవరి బూర సంగతి. బూర మోగగానే సమాధుల్లో ఉన్న ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలుస్తారని, పేరు విన్నవాళ్ళు లేచి వస్తారని చెప్పారు.

“అందర్నీ ఒక్కసారే పిలుస్తారా అయ్యగారూ?” అని అడిగాను.

“ఒక్కొక్కరిని. వాళ్ళ వాళ్ళ పేరుతో,” అన్నారు ఆయన.

నాకు చాలా సంతోషం వేసింది. అమ్మ పేరు నాకు తెలుసు. శిలువ మీద రాసి ఉంది. నేను చదవలేకపోయినా దేవుడు చదవగలడు.

మర్నాడు నిశ్శబ్ద శనివారం. ఆ రోజు మా సంఘంలో శిలువలు పీకేవారు. ఏడాదంతా మట్టిలో ఉండి మొదళ్ళు పుచ్చిపోతాయి కదా. పెద్దలు వాటిని పీకి, ప్రార్థనాలయం ముందు వేసి, మొదళ్ళకి తారు పూసి, పైన సున్నం కొట్టేవారు. అయ్యగారు నల్లరంగుతో పేర్లు మళ్ళీ దిద్దేవారు. ఎండాక సాయంత్రం తీసుకెళ్ళి పాతేవారు. ఏ గుంటలోది ఏదో మరిచిపోకుండా, పీకిన ప్రతి గుంటలో ఒక ఈత మట్ట గుచ్చేవారు. మట్టల ఆదివారం నాడు ఆ ఇంటివాళ్ళు చేతబట్టి ఊరేగిన మట్టే అది. దానికి ఆ ఇంటి చీర అంచులోంచి లాగిన దారం కట్టేవారు. అదే దారం శిలువకీ కట్టేవారు. మాది ఎర్ర దారం. మేస్త్రమ్మది పచ్చ దారం.

“అమ్మీ, నివ్వు ఎల్లి గోడ కాడ కూకో. మేకలు రాకుండా సూడు. సీకటి పడీదాకా నోట్లో ఏటీ ఎట్టకూడదు, తెలిసిందా?” అంది మామ్మ.

“తెలిసింది.”

కానీ పావడా కొసన ఉప్పు మూటకట్టుకొనే వెళ్ళాను. తోట దిగువన మామిడిచెట్టు ఉందని, పిందెలు కాయలయ్యాయని నాకు ముందే తెలుసు.

చాలాసేపు బుద్ధిగానే కూర్చున్నాను. కింద తారు కాస్తున్న వాసన వస్తోంది. నాన్న ఒంటి మీద వచ్చే వాసన అది. మట్టలు గాలికి గలగలమంటున్నాయి. ఎవరూ లేరు. ఒక్క కాయ తిని వస్తే ఏమవుతుంది అనుకున్నాను. చెట్టెక్కి, కొమ్మ మీద కూర్చుని, ఉప్పులో అద్దుకొని ఒకటి తిన్నాను. తర్వాత ఇంకొకటి. పుల్లటి రసం మోచేతి దాకా కారింది.

తిరిగి వచ్చేసరికి గోడ దగ్గర ఒక నల్లమేక నుంచుని ఉంది. దాని నోట్లో ఈత మట్ట.

రాయి విసిరాను. అది మట్టని వదిలేసి కొండ పైకి పారిపోయింది. చివరి రెండు గుంటలూ ఖాళీగా ఉన్నాయి. ఎర్ర దారం మట్ట ఒకచోట, పచ్చ దారం మట్ట ఇంకొకచోట పడి ఉన్నాయి. రెండూ తిరగబడి, చివర్లు నమిలి ఉన్నాయి. ఏది ఏ గుంటలోది? పొద్దున చూశాను. కానీ గుర్తుపెట్టుకోవాలని చూడలేదు. అమ్మది గోడ వైపుది అనిపించింది. మరుక్షణం కాదనిపించింది. గుంటల్లోకి వంగి చూశాను. రెండింట్లోనూ ఒకే చీకటి, ఒకే మట్టి.

ఎర్రది గోడ వైపు గుచ్చాను. తీసేశాను. ఇటు గుచ్చాను. మళ్ళీ తీసి గోడ వైపే గుచ్చాను. దారం ఊడిపోతే మళ్ళీ ముడివేశాను. పెద్దలు శిలువలు భుజాన వేసుకొని వస్తున్న అలికిడి వినిపించి, ఇక ముట్టుకోలేదు.

వాళ్ళు దారాలు చూసుకొని ఒక్కొక్కటే పాతుతూ వచ్చారు. చివరికొచ్చారు. ఎర్ర దారానికి ఎర్ర దారం, పచ్చదానికి పచ్చది. మట్టి కాలితో తొక్కి గట్టి చేశారు. ఆ తొక్కుడు నా గుండె మీదే పడింది.

ఇంట్లో మామ్మ ఉల్లితొక్కల కుండ పొయ్యి మీద పెట్టి ఉంది.

“మేకలొచ్చినాయేటే?”

“లేదు.”

“ఏటైనా తిన్నావేటి?”

“లేదు.”

నా గడ్డం పట్టుకొని దగ్గరికి లాగి, “మావిడికాయ వాసనొస్తంది?” అంది.

“నాది కాదు,” అన్నాను.

మూడు అబద్ధాలు. పడుకున్నాక వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మూడే. అప్పుడు అర్థమైంది ఏం జరగబోతోందో. బూర మోగుతుంది. గోడ వైపు శిలువ చదివి అమ్మ పేరు పిలుస్తారు. వెదురుకర్ర పట్టుకొని, గోనెసంచీ భుజాన వేసుకొని మేస్త్రి లేస్తాడు. తర్వాత మేస్త్రి పేరు పిలుస్తారు. ఆ పేరు వింటే అమ్మ ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. తన పేరుకే పలకని మనిషి ఇంకొకరి పేరుకి పలుకుతుందా? అందరూ లేచి వెళ్ళిపోతారు. తోటలో అమ్మ ఒక్కతే మిగిలిపోతుంది.

తెల్లవారుతుండగా కొవ్వొత్తులు పట్టుకొని లైనంతా పైకి ఎక్కింది. మంచులో ఒకరి ముఖం ఒకరికి సరిగ్గా కనిపించడం లేదు. “క్రీస్తు లేచెను,” అన్నారు అయ్యగారు. “నిజముగా లేచెను,” అన్నారందరూ. అంతలోనే కింద ఎవరింట్లోనో కోడి కూసింది. నా చేతిలో కొవ్వొత్తి ఆరిపోయింది.

మామ్మ గోడ వైపు శిలువ ముందు కూర్చుంది. ఎర్రగుడ్డు పెట్టింది. కొబ్బరి బెల్లం పెట్టి ఆవిరి మీద వండిన మండా పీఠా పక్కన పెట్టింది. మట్టిని చేత్తో నిమిరింది.

“తల్లీ, నీకిష్టమని కొబ్బరి ఎక్కువేసేను. తినమ్మా. మొకమాటపడకు.”

ఆ మట్టి కింద ఎర్రటి కళ్ళతో మేస్త్రి నవ్వుతున్నట్టు నాకనిపించింది.

మేస్త్రమ్మ పక్క శిలువ ముందు చతికిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నారందరూ. నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఏటి, ఇంకా పడుకునే ఉన్నావా? అందరూ లెగిసీ పండగ ఇయ్యాల! బతికున్నన్నాళ్ళూ కోడికన్నా ముందు లెగిసి లైనంతా లేపీసీవోడివి, ఇప్పుడేటొచ్చింది నిద్ర? నీ కర్ర సీపురుకి కట్టీసేను. నీ బూట్లు కుక్క ఎత్తుకుపోనాది, మంచిపనే సేసింది. నన్నొగ్గీసి ఎల్తావా? సిగ్గులేదా నీకు?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. గట్టిగా ఒక మాట అంటే తట్టుకోలేని మా అమ్మ, ఆ మట్టి కింద మూలకి ముడుచుకొని ఆ తిట్లన్నీ వింటోంది. తన తప్పేమిటో తెలియక వింటోంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. మేస్త్రమ్మ నా వైపు తిరిగింది. నోరు మూతపడిపోయింది.

పిల్లలకి తలా ఒక గుడ్డు ఇచ్చారు. నాది వలిచి, దారంతో రెండు ముక్కలు కోశాను. ఒకటి మామ్మ కూర్చున్న చోట పెట్టాను. రెండోది తీసుకెళ్ళి మేస్త్రమ్మ ముందున్న మట్టి మీద పెట్టాను. నా కొవ్వొత్తి మళ్ళీ వెలిగించి ఆ పక్కన గుచ్చాను.

“మాయాయనకి నివ్వెందుకే గుడ్డెడతన్నావు? బతికున్నప్పుడు ఆడ్ని సూత్తే ఉచ్చ పోసుకునీదానివి గదా!”

“ఆకలేస్తాది కదా,” అన్నాను. అమ్మ గురించే అన్నాను.

మేస్త్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, నా జుట్టు పట్టుకొని చూసి, “తల నిండా పేలే. సాయంత్రం మాయింటికి రా,” అంది.

వెళ్ళాను. పేలు తీసింది. అన్నం పెట్టింది. ఆ తర్వాత రోజూ పిలిచింది. అమ్మ లేని ఇంట్లో మామ్మకి చూపు తగ్గిపోతున్న రోజుల్లో నాకు జడ వేసింది ఆవిడే. నేను పెద్దమనిషినైతే చిమ్మిలి దంచి పెట్టింది ఆవిడే. లైనులో అందరూ, ఈ గుంటంటే దానికి అంత ఇష్టమేటి అనేవారు. “నా మొగుడికి గుడ్డెట్టిన పిల్ల,” అనేది ఆవిడ. నేను పెట్టింది ఆయనకి కాదని ఎలా చెప్పను? చెబితే రేపటి నుంచి ఆ తలుపు తెరుచుకుంటుందా?

ఏటా ఈస్టరుకి గుడ్డు రెండు ముక్కలు చేసేదాన్ని. మిగతా ఏడాదంతా చెవులు రిక్కించుకొని బతికాను. ఘాట్ రోడ్డు మీద లారీ వాళ్ళు మలుపు మలుపుకీ హారన్ కొడతారు. అది వినపడితే ఎక్కడున్నా ఆగిపోయేదాన్ని. బూర అదేనేమో అని. ఒకసారి నిండు బిందె కుళాయి దగ్గర వదిలేసి తోట దాకా పరిగెత్తాను. ముందే వెళ్ళి గోడ దగ్గర నుంచుంటే, అమ్మని ఇటు, మేస్త్రిని అటు అని నేనైనా చెప్పవచ్చు కదా అని. తీరా అక్కడికి వెళ్ళాక, ఏది ఎటో నాకే తెలియదని గుర్తొచ్చింది. లారీ దిగిపోయింది. మేకలు నన్ను చూస్తూ గడ్డి నములుతున్నాయి.

మామ్మ పోయింది. నాన్న పోయాడు. నాకు పెళ్ళయింది, అదే లైనులో. ఇద్దరు పిల్లలు పుట్టాక మేస్త్రమ్మ మంచాన పడింది. ఒక మధ్యాహ్నం నేను అంబలి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మీ, పెద్దలకి సెప్పీసేను. నన్ను మాయాయన పక్కనే ఎట్టాల. గోడ వైపు మీ యమ్మ ఉంది గాబట్టి ఆడికి ఇటేపున తవ్వమన్నాను.”

గిన్నె కింద పెట్టేశాను. ఇంక దాచి లాభం లేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఈవిడని తీసుకెళ్ళి మా అమ్మ పక్కన పెట్టేస్తారేమో. మేక, మామిడికాయ, దారాలు అన్నీ చెప్పాను. తొమ్మిదేళ్ళ పిల్లలాగే ఏడుస్తూ చెప్పాను. తలెత్తి ఆవిడ ముఖం చూడడానికి ధైర్యం చాల్లేదు.

కుక్కి మంచంలోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గనుకున్నాను. నవ్వుతోంది.

“ఓలమ్మ… అయితే ఇన్నేళ్ళూ నాను తిట్టిందంతా మీ యమ్మ ఇన్నాదేటే?”

“తెలీదత్తా. ఇన్నాదేమో.”

“పాపం మా తల్లి, ఒక్క మాట తిరిగి అన్లేదు. అప్పుడే నాకు అనుమానం రావాల. మాయాయనైతే ఊరుకునీవోడా?” నవ్వు ఆపుకోలేక దగ్గింది. “మీ మామ్మ ఎట్టిన గుడ్లన్నీ ఈడు మింగేడన్నమాట. అందుకే బద్దకించి లెగలేదు, ఎదవ.”

నీళ్ళు తాగించాను. ఆవిడ చూరు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

“నన్ను ఇద్దరి మద్దెన ఎట్టండి. ఎడం ఉంది గదా. బూర మోగినప్పుడు ఎవుల్ని పిలిచినా నాకు ఇనబడతాది. ఆడి పేరైతే ఆడ్ని తన్ని లేపుతాను. మీ యమ్మ పేరైతే సెయ్యట్టుకోని లేపుతాను. సిగ్గుపడితే నానే తీసుకెల్తాను. నివ్వు బయపడకు.”

పెద్దలు గొణిగారు. మొగుడి పక్కన పెట్టమంది గానీ ఇద్దరి మధ్య ఏమిటన్నారు. నేను పట్టుబట్టి మధ్యలోనే తవ్వించాను.

భయం తగ్గింది గానీ పోలేదు. యాభై ఎనిమిదో ఏట ప్రార్థనాలయం వరండాలో సాయంత్రం బడి పెడితే పిల్లల పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే నేరుగా తోటకి వెళ్ళాను. తారు, సున్నం పూయడం మానేసి ఏళ్ళయి, గోడ వైపు శిలువని సగం చెదలు తినేసినా పేరు తెలుస్తోంది. వేలు పెట్టి చదివాను. అమ్మ పేరే. కానీ దాని కింద ఉన్నది అమ్మో కాదో ఆ అక్షరాలు చెప్పలేదు. అప్పటిదాకా చదువు వస్తే తెలిసిపోతుందనుకున్నాను.

సంఘపెద్ద మర్నాడు మళ్ళీ వచ్చాడు.

“ఆలోసించేవా మామ్మా? ఏది ఎవులిది?”

“మద్దెది మేస్త్రమ్మది. అటూ ఇటూ ఏది ఎవులిదో మేకకే తెలుసు బాబూ.”

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. అప్పుడు అతనికి కూడా అన్నీ చెప్పాను. ఇంత వయసులో, ఇద్దరికే తెలిసిన ఆ మాట మూడో మనిషికి చెప్పడం అదే మొదలు.

“మరయితే పలకల మీద ఏటి రాయమంటావు?” అన్నాడు.

“మూడు పలకలొద్దు. మూడు గోతులకీ అడ్డంగా ఒకటే పొడుగు పలక ఎయ్యండి.”

“సంబందం లేనోళ్ళు ముగ్గురికి ఒకటే పలకేటి మామ్మా?”

“ముగ్గురూ నాకు సంబందమే,” అని అతని చెవి మీది పెన్ను అడిగి తీసుకున్నాను. మూడు పేర్లూ నేనే రాశాను. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వంకరగా వచ్చాయి. అలాగే చెక్కించమన్నాను.

ఈ ఈస్టరు తెల్లవారుజామున గుడ్డు తీసుకొని కొండ ఎక్కాను. పలక ఇంకా రాలేదు, దాని కోసం తవ్విన కాలువ మాత్రం ముగ్గురి తలవైపునా ఒకే గీతలా ఉంది. మంచు అలాగే ఉంది. కింద కోడి కూసింది. నేను కూర్చోబోతుంటే ఘాట్ మీద లారీ పొడుగ్గా హారన్ కొట్టింది. ఒళ్ళంతా ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. గోడ వైపు చూశాను, ఇటువైపు చూశాను. మధ్యలో చూశాను.

ఆవిడ వింటుందిలే అనుకొని, కూర్చుని గుడ్డు వలిచి, దారంతో మూడు ముక్కలు కోశాను.